డాక్టర్ బాబ్: తాగుడు మాన్పించిన తాగుబోతు

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ పేరు మనలో చాలామంది విన్నదే. దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకడైన డాక్టర్ బాబ్ తాగుడు మరిగింది మాత్రం కాలేజీ రోజుల్లోనే!

ఆయన అసలు పేరు రాబర్ట్ హోల్‌బ్రూక్ స్మిత్. 1879 ఆగస్టు 8న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి జడ్జి. ఇంట్లో కట్టుబాట్లు జాస్తి. డార్ట్‌మత్ కాలేజీలో చేరగానే పగ్గాలు తెగినట్లయింది. సరదాగా పట్టిన గ్లాసు 1902లో పట్టా పుచ్చుకునేనాటికి వదలని అలవాటయింది.

మూడేళ్ళు ఉద్యోగాలు చేసి, డాక్టరు కావాలని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ తాగుడు ముదిరి చదువు అటకెక్కింది. అధ్యాపకులు వేరేచోటు చూసుకోమన్నారు. షికాగోలోని రష్ మెడికల్ కాలేజీకి మారినా అదే వరస. మిత్రులు భయపడి తండ్రికి కబురు పెట్టారు. తండ్రి అంతదూరం వచ్చినా ఫలితం లేకపోయింది. ఆఖరు పరీక్షల్లో ఒకనాడు చేయి వణికి, పెన్సిలు పట్టలేక, తెల్లకాగితాలే ఇచ్చి వచ్చాడు. మరో రెండు టెర్ములు చుక్క ముట్టకుండా చదివితేనే పట్టా అన్నాడు డీన్. ఆ షరతుకు కట్టుబడి 1910లో డాక్టరయ్యాడు.

పట్టా వచ్చిందిగాని రోగం పోలేదు. ఆక్రన్ పట్టణంలో డాక్టరుగా పనిచేస్తూనే ఏళ్ళతరబడి తాగాడు. భార్య ఏన్ పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

1935 మే 12న బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి ఆయన్ని కలిశాడు. కొన్ని నెలల కిందటే తాగుడు మానినవాడు. వచ్చిన పని చెడి, మళ్ళీ తాగుతానేమోనన్న భయంతో, మాట్లాడటానికి మరో తాగుబోతును వెతుక్కుంటూ వచ్చాడు. పదిహేను నిమిషాలని కూర్చున్న బాబ్ ఆరుగంటలదాకా లేవలేదు! విల్సన్ నీతులు చెప్పలేదు. తాను పడ్డ పాట్లు చెప్పుకున్నాడంతే. ఆ తర్వాత బాబ్ ఒకసారి జారాడు. 1935 జూన్ 10న ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే సంస్థ పుట్టినరోజుగా జరుపుకుంటారు. తాగాలన్న కోరిక మాత్రం మరో రెండున్నరేళ్ళు ఆయన్ని వేధించింది.

1939 నుంచి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి దాదాపు అయిదువేలమందికి పైసా పుచ్చుకోకుండా వైద్యం చేశాడు. ముందు మందులు, ఆపైన మానినవాళ్ళ పరామర్శ. అదీ అక్కడి పద్ధతి. 1950 నవంబరు 16న కన్నుమూశాడు.

మిత్రులారా! తండ్రి రాక, డీన్ షరతు ఆయన్ని కొన్నాళ్ళే ఆపగలిగాయి. నిలబెట్టింది తనలాంటివాడి తోడు. ఈ సంగతి విశ్వవిద్యాలయాలకు ఆలస్యంగా తెలిసింది. మానిన విద్యార్థులు కలిసి ఉండటానికి అమెరికాలోని రట్‌గర్స్ ప్రత్యేక వసతి ఏర్పాటు చేసింది 1988లో. మన హాస్టల్లో ఒకడు ఇలా జారుతుంటే నవ్వి ఊరుకోవడం, వార్డెనుకు తెలియకుండా కప్పిపుచ్చడం స్నేహం కాదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. మానివచ్చిన రోజున పక్కన కూర్చోవడానికి మనం ఉండాలి.