మన మాట నేర్చుకున్న మాస్టారు – గిడుగు రామమూర్తి పంతులు గారు



ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు ప్రార్థనలో గిడుగు వారి ఫోటోకి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారు అని ఒక ముక్క చెప్పుకొని క్లాసులకి వెళ్లిపోతాం. నాకూ అంతవరకే తెలుసు. మొన్న లైబ్రరీ బీరువా దులిపే పని మా రూముకి పడింది. అందులో కథల పుస్తకాలు, నవలలు, కన్యాశుల్కం నాటకం, పెద్ద నిఘంటువు, గుళ్ల చరిత్ర పుస్తకం ఉన్నాయి. అన్నిటికీ అడుగున అట్ట ఊడిపోయిన ఒక చిన్న పుస్తకం దొరికింది. అది గిడుగు వారి జీవిత చరిత్ర. అది చదివాకే తెలిసింది, ఆయన తెలుగు కోసం పోరాడక ముందే మన సవర భాష కోసం కష్టపడ్డారని. అందుకే ఈసారి ఆయన గురించి రాస్తున్నాను.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. అది మన శ్రీకాకుళం వైపు, శ్రీముఖలింగానికి దగ్గర. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. ఆయన చిన్నగా ఉన్నప్పుడే తండ్రి విష జ్వరంతో చనిపోయారు. తర్వాత విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయనకి క్లాస్‌మేట్. కన్యాశుల్కం రాసినది ఆయనే. ఇద్దరూ చివరి దాకా స్నేహితులే.

1879లో మెట్రిక్ పాసయ్యారు. ఇల్లు గడవాలి కదా, పై చదువుకి వెళ్లలేదు. 1880లో పర్లాకిమిడి రాజా గారి స్కూల్లో 30 రూపాయల జీతానికి మాస్టారుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పాసయ్యారు.

ఆయనకి చరిత్ర పాఠం చెప్పే పని కూడా వచ్చింది. పుస్తకంలో ఉన్నది చెప్పేసి ఊరుకోలేదు. వంశధార ఒడ్డున ముఖలింగం గుళ్ల దగ్గరకి వెళ్లి రాళ్ల మీద ఉన్న పాత అక్షరాలు చూశారు. ఆ లిపి నేర్పడానికి ఎవరూ లేరు. తనకు తానే నేర్చుకొని ఆ శాసనాలు చదివారు. కళింగాన్ని ఏలిన గాంగ రాజుల గురించి ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. మనం పిక్నిక్‌కి వెళ్లినప్పుడు ఆ రాళ్లకి ఆనుకొని ఫోటోలు దిగాము. చదవొచ్చు అని మాత్రం మనకి తోచలేదు.

పర్లాకిమిడి చుట్టూ కొండలే. ఆ కొండల మీద సవరలు ఉండేవారు. సంతకి దిగి వచ్చేవారు. వాళ్ల మాట ఎవరికీ తెలిసేది కాదు. తెలియని మాటని అందరూ తక్కువ చేసి చూసేవారు. గిడుగు వారు మాత్రం ఆ మాట నేర్చుకోవాలి అనుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని నేర్చుకున్నారు. తర్వాత కొండ గూడేలకి నడిచి వెళ్లి, వాళ్ల దగ్గర కూర్చొని విన్నారు. విన్న మాటలు, కథలు, పాటలు రాసుకున్నారు.

ఇది సులువు పని కాదు. సవర భాష తెలుగు కుటుంబంలోది కాదు, ముండా కుటుంబంలోది. సంతాలీ కూడా ఆ కుటుంబమే. మనం నీళ్లని డా అంటాం. కానీ చివర గొంతు దగ్గర ఆపి పలుకుతాం. ఆ ఆపడానికి తెలుగులో అక్షరం లేదు. అలాంటి శబ్దాలు ఎలా పుడతాయో తెలుసుకోవడానికి ఆయన భాషా శాస్త్రం పుస్తకాలు ఎన్నో తెప్పించుకొని చదివారు.

కొండల్లో తిరిగితే చలిజ్వరం పట్టుకుంది. దానికి క్వినైన్ మందు వాడారు. ఆ మందు వల్ల చెవుడు వచ్చింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మన మాట వినడానికి వచ్చిన మనిషికి వినికిడే పోయింది. అయినా ఆయన మానలేదు.

సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకం, నిఘంటువులు రాశారు. ప్రభుత్వం బహుమానం ఇస్తామంటే ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమని అడిగారట. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. దాని వెనక ముప్పై ఏళ్లకి పైగా కష్టం ఉంది. ఆయన కొడుకు సీతాపతి గారు కూడా ఈ పనిలో సాయపడ్డారు.

1907 ప్రాంతంలో యేట్స్ దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు వాళ్లు మాట్లాడేది ఒకటి, రాసేది ఒకటి ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. గిడుగు వారు కూడా ఆలోచించారు. సవర పిల్లలకి వాళ్ల మాటలో చదువు కావాలంటే, తెలుగు పిల్లలకీ అంతే కదా! గురజాడ వారితో కలిసి పని మొదలుపెట్టారు. పండితులు ఒప్పుకోలేదు. ఈయన పాత పుస్తకాలన్నీ వెతికి, పూర్వం పెద్దవాళ్లు కూడా వాడుక మాటలు రాశారని చూపించారు. 1911లో ఉద్యోగం మానేశాక ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. 1915లో గురజాడ వారు చనిపోయినా ఈయన వదల్లేదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయింది. అన్నేళ్లు ఉన్న ఊరు వదిలి ఆయన రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న చనిపోయారు. దానికి వారం ముందు కూడా మద్రాసులో పత్రికల వాళ్లని కలిసి, వాడుక భాషలో రాయండి అని అడిగారు. ఈ రోజు పేపరు మనం చదివితే అర్థం అవుతోందంటే అందులో ఆయన కష్టం ఉంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. ఎవరూ నవ్వకండి. ఒకటో క్లాసులో చేరినప్పుడు నాకు తెలుగు రాదు. దాహం వేసి డా అని అడిగాను. ఎవరికీ తెలియలేదు, అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి బడిలో సవర మాట్లాడటం మానేశాను. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు. మొన్న సెలవులకి వెళ్తే మా అవ్వ పులి కథ చెప్పింది. కినా అంటే పులి అని తెలుసు కానీ, అందులో నాలుగైదు మాటలు నాకే తెలియలేదు. అవ్వ నన్ను వింతగా చూసింది. ఎక్కడి నుంచో వచ్చిన మాస్టారు చెవులు పోగొట్టుకొని నేర్చుకున్న మాటని, పుట్టుకతో వచ్చిన నేను సిగ్గుపడి పోగొట్టుకుంటున్నాను.

మన బీరువాలో ఇన్ని రకాల పుస్తకాలు ఉన్నాయి. నాటకం ఉంది, నవల ఉంది, నిఘంటువు ఉంది, చరిత్ర ఉంది. సవర పుస్తకం మాత్రం ఒక్కటీ లేదు. మేడం గారు తెప్పిస్తే బాగుంటుంది. అంతదాకా మనమే ఒకటి రాద్దాం. ఈ గోడపత్రిక కింద మేకుకి నూరు పేజీల నోటుబుక్కు దారంతో కట్టాను. ఇంటికి వెళ్లి వచ్చినప్పుడు అవ్వ దగ్గర, తాత దగ్గర విన్న ఒక మాటో, కథో అందులో రాయండి. కువి మాట్లాడేవాళ్లు కువి మాటలు, గదబ వాళ్లు గదబ మాటలు రాయండి. పక్కన తెలుగులో అర్థం రాయండి. తప్పులున్నా పర్వాలేదు.

మొదటి పేజీలో నేను డా రాశాను. మా అవ్వ కథలో నాకు తెలియని ఆ మాటలు ఈసారి అడిగి వచ్చి రెండో పేజీలో రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని