నైలాన్ కనిపెట్టినా తీరని దిగులు

ఈ ఉదయం మీరు పళ్లు తోముకున్న బ్రష్షు కుచ్చు బహుశా నైలాన్‌దే. మా ఆసుపత్రిలో సర్జన్లు చర్మానికి కుట్లు వేసే దారాల్లోనూ అదొకటి. దాన్ని తయారుచేసిన వాలెస్ కరోథర్స్ మాత్రం తన వల్ల ఏమీ కాలేదని నమ్ముతూ 41 ఏళ్లకే ప్రాణం తీసుకున్నారు.

ఆయన 1896లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టారు. హార్వర్డ్‌లో రసాయన శాస్త్రం బోధిస్తుండగా డ్యూపాంట్ కంపెనీ పరిశోధనకు పిలిచింది. ఆయన వెనకాడారు. అప్పుడప్పుడూ మనసు కుంగి పని సాగదని, కంపెనీలో అది ఇబ్బందేనని దాచకుండా చెప్పారు. పెళ్లి సంబంధాలు చెడతాయని మనం ఇప్పటికీ ఇంటి గడప దాటనివ్వని సంగతి ఇది! చివరికి 1928లో చేరారు.

రెండేళ్లకే ఆయన బృందం నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును తెచ్చింది. దారంలా సాగే పదార్థం కూడా అప్పుడే దొరికింది కానీ, అది వేడినీళ్లకు ఆగలేదు. ఆరేసి కార్బన్ అణువులున్న రెండు రసాయనాలను పొడవాటి గొలుసులా కలిపి, 1935 ఫిబ్రవరి 28న నైలాన్ సాధించారు. 1936లో పెళ్లయింది. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ సభ్యత్వమూ వచ్చింది.

ఆ ఏడాదే మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరారు. తన బుర్రలో ఇక కొత్త ఆలోచనలే లేవని ఆయన బాధ. అంత సాధించినవాడికి అదేం బాధ అనుకుంటున్నారా? కుంగుబాటు చేసే పనే అది. కళ్లెదుట రుజువున్నా మనసుకు ఎక్కనివ్వదు. అందుకే ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడితే ‘నీకేం తక్కువ?’ అనకండి. పక్కన కూర్చుని వినండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. చనిపోవాలన్న మాట వస్తే అసలు ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కరోథర్స్ కాలంలో ఇవేవీ లేవు. కుంగుబాటుకు పనిచేసే మందులు 1950ల్లో గానీ రాలేదు.

1937 జనవరిలో ఆయన చెల్లెలు న్యుమోనియాతో చనిపోయింది. ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదు. ఏప్రిల్ 29న, పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు, వెళ్లిపోయారు. అప్పటికి భార్య గర్భవతి. నవంబరులో కూతురు పుట్టింది.

ఆ దారానికి నైలాన్ అని పేరు పెట్టింది 1938లో. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్లు అమ్మకానికి పెడితే, ఆడవాళ్లు దుకాణాల ముందు బారులు తీరారు.