మాటలకు వరుస కూర్చిన బ్రౌన్

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలోని తెలుగు ఇండ్లలో వేమన పద్యం ఎరుగనివారు అరుదు. బడిలోనూ బజారులోనూ కన్నడం మాట్లాడేవారు సైతం ఇంట్లో పిల్లలకు బుద్ధి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ పద్యాన్నే తలచుకుంటారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కూడా ఈ ప్రాంతానికి ఆట్టే దూరం కాదు. బాగేపల్లి దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తే, కదిరి దగ్గర ఆ పల్లె ఉన్నది. అయితే ఆ పద్యాలు అచ్చు పుస్తకంగా లోకానికి అందడం వెనుక ఒక ఆంగ్లేయుని శ్రమ ఉన్నది. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, పలు భాషలు తెలిసినవాడు. 1812లో ఆయన మరణించడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొని, 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా వెళ్లాడు.

ఆ రోజులలో తెలుగు కావ్యాలు చాలావరకు తాటాకులపైనే ఉండేవి. చెదలు తిన్నవి కొన్ని, విరిగిపోయినవి కొన్ని. నకలు వ్రాసేవారు తెలిసో తెలియకో పాఠాన్ని మార్చిన చోట్లు అనేకం. చదివేవారు తగ్గిపోవడంతో ఎన్నో గ్రంథాలు మూలపడి నశిస్తున్నాయి.

1824లో బ్రౌన్ మచిలీపట్నంలో ఉండగా, అబే డుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు వ్రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన ఆయన కంటబడింది. వెంటనే వేమన పద్యాల ప్రతుల కోసం వెదకించాడు. ప్రతులైతే దొరికాయి గాని, ఏ రెండింటికీ పొత్తు కుదరలేదు. ఒకదానిలో మొదట ఉన్న పద్యం మరొకదానిలో చివర ఉన్నది. ఒకే పద్యం నాలుగు ప్రతులలో నాలుగు విధాలుగా కనిపించింది. ఒకదానిలో ఉన్నది మరొకదానిలో లేదు. పైగా వేమన పద్యాలలో చాలావాటికి చివరి పాదం ఒక్కటే. కాబట్టి చివరి పాదాన్ని బట్టి ఏ పద్యం ఏదో గుర్తించడానికి వీలులేదు. మొదటి పాదాన్నే ఆనవాలుగా పట్టుకోవాలి.

బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ప్రతులన్నిటినీ పోల్చి చూపించాడు. పాఠభేదాలను పరిశీలించి, తగినదని తోచిన పాఠాన్ని గ్రహించాడు. ఇలా ఏరిన 693 పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించాడు. అంతటితో తృప్తిపడలేదు. 1839లో వెలువడిన కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది.

1826లో తిరిగి కడప వచ్చిన బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొన్నాడు. అందులో జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య మొదలైన పండితులు, లేఖకులు పనిచేసేవారు. తాటాకు గ్రంథాలను కాగితంపైకి ఎక్కించడం, తప్పులు దిద్దడం, కావ్యాలకు వ్యాఖ్యలు వ్రాయడం వారి పని. వారి జీతాలను బ్రౌన్ సొంత సొమ్ముతో చెల్లించాడు. అందుకోసం అప్పులపాలు కూడా అయ్యాడు.

1832-33లో గుంటూరు సీమలో ఘోరమైన కరవు వచ్చింది. అక్కడ అధికారిగా ఉన్న బ్రౌన్ దానిని కరవు అనే పేర్కొన్నాడు. పైవారికి ఆ మాట రుచించలేదు. కొరత అంటే చాలునన్నది వారి అభిప్రాయం. జనం చనిపోతుండగా మాట తగ్గించడానికి బ్రౌన్ ఒప్పుకోలేదు. 1834లో ఆయన ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్లినా ఆయన ఊరకుండలేదు. లండనులో కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణదేశపు వ్రాతప్రతులను పరిశీలించి, అవి మద్రాసుకు చేరేటట్లు చేశాడు. తర్వాత తిరిగి మద్రాసులో ఉద్యోగం పొంది, 1840లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించాడు.

ఆయన జీవితంలో గొప్ప కృషి నిఘంటు నిర్మాణం. పూర్వపు నిఘంటువులు ఎక్కువగా పద్యాలలో ఉండేవి. పద్యం కంఠస్థమైనవారికే అందులోని మాట దొరుకుతుంది. బ్రౌనుకు ముందే మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్ర దీపిక అనే నిఘంటువును అకారాది క్రమంలో కూర్చాడు. బ్రౌన్ ఆ దారిని మరింత విశాలం చేశాడు. కావ్యాలలోని మాటలతోపాటు జనం నిత్యం వాడే మాటలనూ చేర్చాడు.

నీరు, నలుపు, నాగలి, నడక అనే నాలుగు మాటలను వరుసలో పెట్టడం సులభమే. మొదటి అక్షరం, తర్వాత రెండవ అక్షరం పోల్చుకుంటూ పోతే నడక, నలుపు, నాగలి, నీరు అని వస్తుంది. కాని అలాంటి మాటలు వేలకొలది ఉంటే, ప్రతి మాటకూ చోటు చూడాలి. రెండుసార్లు వచ్చినదానిని తీసివేయాలి. రూపం మారినా మాట ఒక్కటేనా అని తేల్చాలి. ఈ పనులన్నీ చేతివ్రాతతోనే సాగాయి. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువడ్డాయి.

1855లో బ్రౌన్ భారతదేశం విడిచి వెళ్లాడు. లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా గౌరవం పొంది, 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం వెలసింది.

ఇప్పుడు ఈ పనికి కంప్యూటరు ఉన్నది. కెనడా దేశీయుడు కెనెత్ ఐవర్సన్ 1962లో ఒక గ్రంథం ద్వారా పరిచయం చేసిన ఏ.పి.ఎల్. వంటి భాషలలో మాటల పట్టిక మొత్తాన్ని ఒక్క వస్తువుగా ఎంచి, ఒకే ఆజ్ఞతో వరుస పెట్టించవచ్చు. మరొక ఆజ్ఞతో రెండుసార్లు వచ్చినవాటిని తొలగించవచ్చు. అయినా యంత్రానికి భాష తెలియదు. నీరు అనే మాటలో బడి పిల్లవానికి రెండు అక్షరాలే. యంత్రానికి మాత్రం న, గుడిదీర్ఘం, ర, కొమ్ము అని నాలుగు గుర్తులు. ఏది అక్షరమో, ఏది ముందో, ఏ రెండు రూపాలు ఒకే మాటవో మనిషే చెప్పాలి.

కడప బంగళాలో తాటాకులు ముందుంచుకొని బ్రౌన్, ఆయన పండితులు తేల్చినది సరిగ్గా ఇదే. పుట్టుకతో ఆంగ్లేయుడైన మనిషి తెలుగు మాటకు దాని చోటు చూపడానికి తన సంపాదనను, ఆయుష్షును వెచ్చించాడు. ఇంటి భాషను బడిలో చదువుకొనే అవకాశం గల పిల్లలు ఆ శ్రమను గుర్తుంచుకోదగినది.