కాంతితో కొలిచి.. కేన్సర్‌ను నిలువరించి
గోదావరి బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు జీవన ప్రస్థానం

రామచంద్రపురం: బోదకాలు నివారణకు గోదావరి జిల్లాల పల్లెల్లో ఇంటింటా పంచిన డీఈసీ మాత్రలు, రక్తకేన్సర్ సోకిన చిన్నారులకు వైద్యులు నేటికీ ఇస్తున్న మెథోట్రెక్సేట్.. ఈ రెండు మందులూ ఒకే ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నాయి. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించిన శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. శరీరంలోని పదార్థాన్ని రంగు, కాంతి ఆధారంగా కచ్చితంగా కొలవడంతో మొదలైన ఆయన కృషి, కేన్సర్ కణం ఆయువుపట్టును పసిగట్టేదాకా సాగింది.

మూడో ప్రయత్నంలో మెట్రిక్
సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. రాజమండ్రిలో చదువుతున్న కాలంలో ఆప్తుల మరణాలు ఆయనను కుంగదీశాయి. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ పట్టాకు బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ మాత్రమే దక్కింది.

పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక మనిషి క్షీణించిపోయే స్ప్రూ వ్యాధి ఆయన సోదరుడు పురుషోత్తంను బలిగొంది. సుబ్బారావు సైతం దాని బారిన పడ్డారు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఈ అనుభవమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

కాకినాడ నుంచి భరోసా
కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో, మామగారు సమకూర్చిన సొమ్ముతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్ట పోసుకునేందుకు ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. భార్య శేషగిరి ఎదురుచూపులు ఫలించలేదు. సుబ్బారావు మరల స్వదేశానికి రాలేదు.

నీలిరంగు చెప్పిన లెక్క
హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రక్తంలోనూ, కణజాలంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో అది వెలువడింది. నమూనాకు రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే రంగు అంత చిక్కబడుతుంది. ఆ ద్రావణం గుండా వచ్చే కాంతిని, తెలిసిన పరిమాణం గల ద్రావణంతో పోల్చిచూస్తే లెక్క తేలిపోతుంది. భౌతిక శాస్త్రపు కొలమానాన్ని జీవ రహస్యానికి అన్వయించిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు నేటికీ పాఠ్యాంశమే.

ఈ కొలతే దారి చూపింది. కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, కణాలకు ఇంధనంగా పనిచేసే ఏటీపీ 1929లో వెలుగుచూశాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావు పీహెచ్‌డీ పొందారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం లభించలేదు.

ఆకలిని అడ్డుకున్న మందు
1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుడిని బలిగొన్న స్ప్రూ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు అదే ఔషధమైంది.

ఆనాడు కేన్సర్‌కు శస్త్రచికిత్స, ఎక్స్‌రే, రేడియం కిరణాలే ప్రధాన ఆయుధాలు. గడ్డ ఒకచోట ఉంటే కోయవచ్చు, కిరణాలతో కాల్చవచ్చు. రక్తమంతటా వ్యాపించే లుకేమియాకు ఆ దారి లేదు. వ్యాధి సోకిన పిల్లలు వారాలు, నెలల వ్యవధిలో మరణించేవారు. ఫోలిక్ ఆమ్లం కోవకు చెందిన పదార్థాలు ఇచ్చినపుడు లుకేమియా మరింత విజృంభిస్తున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. కణం విభజన చెందాలంటే ఆ విటమిన్ కావాలి. అలాంటపుడు దానిని పోలిన నకిలీ పదార్థాన్ని అందిస్తే కేన్సర్ కణం మోసపోయి, ఎదుగుదల ఆగుతుందన్నది ఆలోచన. ఆ నకిలీలను సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది.

వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను 16 మంది చిన్నారులకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఈ ఫలితాలను ప్రకటించారు. ఉపశమనం తాత్కాలికమే అయినా, చిన్నారుల లుకేమియా మందుకు లొంగుతుందని రుజువైంది. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్. ఇతర మందులతో కలిపి సాగే చికిత్స వల్ల నేడు సంపన్న దేశాల్లో ఈ వ్యాధి సోకిన పిల్లల్లో పదింట తొమ్మిది మంది వరకు బతుకుతున్నారు. కీళ్లవాతానికి కూడా మెథోట్రెక్సేట్ వాడుతున్నారు.

ఆలస్యంగా గుర్తింపు
ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు అమెరికాలో మరణించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి ఔషధమైన ఆరియోమైసిన్ కూడా ఆయన పరిశోధనా సారథ్యంలోనే వచ్చింది. ఒక శిలీంధ్ర ప్రజాతికి శాస్త్రవేత్తలు ఆయన పేరుతో సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. నోబెల్ బహుమతి మాత్రం ఆయనను వరించలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన ఆ విద్యార్థి శ్రమ ఫలితం నేటికీ ఎందరో పసివారి ప్రాణాలు నిలుపుతోంది.