ఊళ్లోనే బొమ్మల బడి పెట్టిన దామెర్ల

నోట్‌బుక్ చివరి పేజీల నిండా బొమ్మలు గీసే దోస్తు మీ క్లాసులో ఒక్కడైనా ఉంటాడు. ఆ దోస్తు మీరే కావచ్చు కూడా. నిజామాబాద్‌లోనో, బోధన్‌లోనో ఉండి బొమ్మలతో బతుకుతానంటే ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు. ముందు ఉద్యోగం చూసుకోమంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. నిజాం కాలంలో మొదలైన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడ్డాక, ఊరంతా ఒక్క కొలువును నమ్ముకుంటే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ అర్థమైంది.

మరి బొమ్మలు గీసేవాళ్లకు రెండే దారులా? ఊరు వదలడం, లేదంటే కుంచె వదలడం? మూడో దారి పట్టిన ఒకాయన కథ చెబుతా, వినండి. ఆయన 27 ఏళ్లకే చనిపోయారు. ఇప్పుడు నా వయసూ ఇంచుమించు అంతే. అందుకే ఈ కథ నన్ను వదలడం లేదు.

ఆయన పేరు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. ఆధునిక తెలుగు చిత్రకళ అనగానే ముందుగా వినిపించే పేర్లలో ఆయనది ఒకటి.

గుర్తించిన గురువు

రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి అప్పట్లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. బొమ్మలు గీసే కుర్రాళ్లను చేరదీసి ఒక చిన్న బృందాన్ని తయారుచేశారు. రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు ఆయన చుట్టూ చేరినవాళ్లే. శిష్యులను అజంతా గుహలకు కూడా తీసుకెళ్లారు. అజంతా అప్పుడు మన నిజామాబాద్‌లాగే హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. వందల ఏళ్ల కింద మనవాళ్లే గోడల మీద ఇంత గొప్పగా గీశారా అని ఆ కుర్రాళ్లకు అక్కడే తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కూల్డ్రే ఒక్క రామారావును మాత్రమే పట్టుకొని పైకి తేలేదు. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టారు. ఒకరి బొమ్మ ఇంకొకరు చూసి, తప్పొప్పులు చెప్పుకొనే అలవాటు అట్లా మొదలైంది.

కూల్డ్రే ప్రోత్సాహంతోనే 1916లో రామారావు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. 1920లో చదువు పూర్తయింది. గుజరాత్ వైపు తిరిగారు. అక్కడి పేరున్న చిత్రకారుడు రవిశంకర్ రావల్‌తో స్నేహం కలిసింది.

వెనక్కి వచ్చారు

ఇప్పుడు మీరే ఆయన స్థానంలో ఉన్నారనుకోండి. జె.జె. స్కూల్ చదువు, చేతినిండా పని దొరికే బొంబాయి. ఎవరైనా అక్కడే ఉండిపోతారు. రామారావు మాత్రం గోదావరి ఒడ్డుకు తిరిగొచ్చారు. ఇల్లు గుర్తొచ్చి రావడం ఒక్కటే అయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. స్నేహితులను కూడగట్టి రాజమండ్రిలో చిత్రకళాశాల నడిపారు. ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అనే సంస్థ పెట్టారు. తను బొంబాయి వెళ్లి నేర్చుకున్నది, తర్వాతి కుర్రాళ్లకు ఊళ్లోనే దొరకాలని ఆయన తాపత్రయం.

ఇంట్లోవాళ్లూ ఇందులో భాగమే. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. ఆడపిల్లను బడికి పంపడమే గొప్ప అనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఊళ్లో ఉంటే ఊరికే పరిమితమైపోతామని భయపడేవాళ్లకు ఇంకో మాట. ఆయన చిత్రాలు కలకత్తా ప్రదర్శనకు వెళ్లాయి. లండన్‌లోని వెంబ్లీ ప్రదర్శన దాకా వెళ్లాయి. మనిషి రాజమండ్రిలోనే ఉన్నారు, పని మాత్రం ప్రపంచం తిరిగింది.

ఆయన పోయాక

1925 ఫిబ్రవరి 6న మశూచి రామారావును తీసుకెళ్లిపోయింది. ఊరికి తిరిగొచ్చి నిండా ఐదేళ్లు కూడా కాలేదు.

టెక్ బ్లాగు రాసేవాణ్ని కదా, నాకు తెలిసిన భాషలో చెబుతా. ఒక్కడి దగ్గరే పాస్‌వర్డ్ ఉన్న ప్రాజెక్టు, ఆ ఒక్కడు వెళ్లిపోయిన రోజే ఆగిపోతుంది. నలుగురి చేతిలో ఉన్న ప్రాజెక్టు బతుకుతుంది. రామారావు పెట్టిన బడి రెండో రకం. స్నేహితుడు వరదా వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకొని నడిపించారు. రామారావు పేరు మీద చిత్రశాల వెలిసింది. ఆ బొమ్మలు ఎక్కడెక్కడికో చెదిరిపోకుండా, వాటిని ఇప్పటికీ రాజమండ్రిలో చూసే వీలుందంటే కారణం ఆ స్నేహితులే.

అదే బృందంలోని బాపిరాజు సంగతి చూడండి. చిత్రకారుడు, నవలా రచయిత, సినిమాలకు కళా దర్శకుడు. హైదరాబాద్‌లో మీజాన్ పత్రికకు సంపాదకుడిగానూ పనిచేశారు. బొమ్మలు నేర్చినవాడికి ఒకటే ఉద్యోగం ఉంటుందనేది అప్పుడూ నిజం కాదు.

మరి మన సంగతి?

మన దగ్గర చేతులకు కొదవ లేదు. సైన్‌బోర్డులు రాసే పెయింటర్లున్నారు, వినాయక విగ్రహాలు చేసేవాళ్లున్నారు, ఊర పండుగకు కొయ్య దేవతలను చెక్కేవాళ్లున్నారు, ఫోన్‌లోనే డిజిటల్ బొమ్మలు వేసే మీరున్నారు. లేనిదల్లా వీళ్లందరూ ఒకచోట కూర్చునే అలవాటు. పొరుగునే సిద్దిపేటలో కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే లలిత కళా సమితి పెట్టారు. జీతం ఒకవైపు, బొమ్మలు ఒకవైపు నడిపించవచ్చని చూపించారు.

కాబట్టి పోటీ పరీక్షల ప్రిపరేషన్ మానేయమని నేను చెప్పను. నెలలో ఒక ఆదివారం పక్కన పెట్టండి. మీలాంటి నలుగురిని వెతకండి. ఎవరి బొమ్మలు వాళ్లు తెచ్చి మధ్యలో పెట్టండి, మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. కాలేజీ ఫెస్ట్‌లో ఒక గది అడిగి ప్రదర్శన పెట్టండి. ప్రతి బొమ్మను ఫొటో తీసి, తేదీ రాసి దాచుకోండి. రేపు అదే మీ పోర్ట్‌ఫోలియో.

చదువే చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ కోర్సులున్నాయి. ఢిల్లీలోని లలిత కళా అకాడెమీ జాతీయ ప్రదర్శనలు నిర్వహిస్తుంది, యువ కళాకారులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. నోటిఫికేషన్లు వాళ్ల వెబ్‌సైట్లలో వస్తాయి, చూస్తూ ఉండండి.

చదువుకోసం మీరు ఊరు దాటి వెళ్లినా తప్పేం లేదు, రామారావూ వెళ్లారు. వచ్చేటప్పుడు నేర్చుకున్నది వెంట తెచ్చుకొని, ఇంకో నలుగురికి చోటిస్తే చాలు. ఆ నలుగురిలో మొదటివాడు మీ క్లాసులోనే, నోట్‌బుక్ చివరి పేజీలో బొమ్మ గీస్తూ కూర్చొని ఉంటాడు. రేపు కాలేజీకి వెళ్లగానే పలకరించండి.