శ్రీమతి గూల్డ్ గీసిన పక్షులు

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలను హ్యాడోలోని జూలాజికల్ సర్వే మ్యూజియానికి తీసుకువెళ్లాం. అందరూ పగడాల దగ్గర మూగితే ఒక అమ్మాయి మాత్రం ఒక గాజు బీరువా ముందు ఆగిపోయింది. లోపల కొమ్మ మీద ఒక పక్షి ఉంది. దాని కన్ను గాజు కన్ను. ముక్కూ కాళ్లూ రంగు వెలిసి మట్టిరంగుకు తిరిగాయి. పుస్తకంలో బొమ్మ ఇంకోలా ఉంది కదా, ఇదేమో అసలు పక్షే కదా, మరి ఏది నిజం టీచర్ అని అడిగింది.

ఆ అమ్మాయి బొమ్మలు చక్కగా వేస్తుంది. వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. సాయంత్రాలు దుకాణం కోసం గవ్వలు అతికించడం, దండలు గుచ్చడం ఇంటిల్లిపాదీ చేయాల్సిన పని. తన బొమ్మలన్నీ లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లోనే ఉంటాయి. అందుకే ఆ ప్రశ్న వినగానే మాకు ఎలిజబెత్ గూల్డ్ గుర్తుకు వచ్చింది.

ఆమె పేరు మేము మొదట విన్నది సిక్కింలో. అది మా నాలుగో బదిలీ, ఈ ఊరు ఆరోది. క్వార్టర్స్ ముందు పూలచెట్టు మీదకు బొటనవేలంత తేనెపిట్ట వచ్చేది. వీపు ఎరుపు, పొట్ట పసుపు, తల మీద నీలం మెరుపు. దాన్ని మిసెస్ గూల్డ్స్ సన్‌బర్డ్ అంటారని బయాలజీ మాస్టారు చెప్పారు. గూల్డ్ గారి భార్య అని తెలిసింది గానీ, ఆమె ఎవరో తెలుసుకోవడానికి మాకు ఇంకో రెండు బదిలీలు పట్టింది.

ఎలిజబెత్ కాక్సెన్ 1804లో ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్ అనే సముద్రపు ఊళ్లో పుట్టింది. బొమ్మలు వేయడం, సంగీతం, ఫ్రెంచి, లాటిన్ నేర్చుకుంది. లండన్‌లో ఒకరి ఇంట్లో ఉండి వాళ్ల అమ్మాయికి చదువు చెప్పే ఉద్యోగంలో చేరింది. పరాయి ఇంట్లో మాట్లాడే మనిషి లేక ఎంత దిగులుపడిందో తల్లికి ఉత్తరాలు రాసుకునేది. కొత్త ఊళ్లో మొదటి నెల ఎలా ఉంటుందో బదిలీల మీద తిరిగే మాకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె తమ్ముడు చార్లెస్‌ది టాక్సిడెర్మీ పని. అదే వృత్తిలో పైకి వస్తున్న జాన్ గూల్డ్‌ను 1829 జనవరిలో ఆమె పెళ్లి చేసుకుంది. ఇద్దరికీ 24 ఏళ్లే.

టాక్సిడెర్మీ అంటే చనిపోయిన జంతువు తోలును చెడకుండా ఒలిచి, లోపల దూదో నారో కూరి, తీగలతో నిలబెట్టి, బతికున్నట్టు కనిపించేలా చేయడం. గూల్డ్ తండ్రి విండ్సర్ రాజోద్యానంలో తోటమాలి. గూల్డ్ చిన్నప్పుడే పక్షులను ఇలా తయారుచేసి పక్కనున్న ఈటన్ బడి పిల్లలకు అమ్మేవాడు. 1827లో లండన్ జూలాజికల్ సొసైటీ మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది. నాలుగో జార్జి రాజు పెంచుకున్న జిరాఫీ చనిపోతే దాన్ని నిలబెట్టే పని కూడా గూల్డ్ చేతికే వచ్చింది. పురుగు పట్టకుండా తోళ్లకు ఆ రోజుల్లో పాషాణం కలిపిన సబ్బు రాసేవారు. (పిల్లలూ, ఇంట్లో ఇలాంటివి ప్రయత్నించకండి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వన్యప్రాణుల మీద ఈ పని లైసెన్సు లేకుండా చేయకూడదు.)

ఈ పనిలో ఒక చిక్కుంది. ఈకల రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది గానీ కన్ను, ముక్కు, కాళ్ల రంగులు ప్రాణం పోయిన కొద్దిసేపటికే మారిపోతాయి. కొమ్మ మీద ఎలా వంగుతుంది, మెడ ఎటు తిప్పుతుంది అన్నవి తోలులో మిగలవు. టాక్సిడెర్మీ పోగొట్టినదాన్ని బొమ్మ తిరిగి తేవాలి. గూల్డ్ ఇంట్లో ఆ పని ఎలిజబెత్‌ది. మ్యూజియంలో ఆ అమ్మాయికి మేము అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇదే.

1830లో హిమాలయాల నుంచి లండన్‌కు పక్షి తోళ్లు వచ్చాయి. వాటిని పుస్తకంగా తేవాలని గూల్డ్ పట్టుపట్టాడు. బొమ్మలు ఎవరు రాతి మీదకు ఎక్కిస్తారంటే భార్యను చూపించాడు. లితోగ్రఫీ ఆమెకు అంతకుముందు రాదు. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో గీయాలి, అదీ కుడిఎడమలు తారుమారుగా. నూనె, నీరు కలవవు కనుక తడిపిన రాయి మీద గీత ఉన్నచోటే సిరా అంటుకుంటుంది. అచ్చు తీశాక ఒక్కొక్క కాగితానికీ రంగులు చేత్తో పూయాలి. ఎలిజబెత్ రంగులు వేసి ఇచ్చిన నమూనాను చూసి పనివాళ్లు మిగతావి నింపేవారు. రెండేళ్లలో 80 పలకలు, 100 పక్షులు తయారయ్యాయి. హిమాలయాలను ఒక్కసారైనా చూడని మనిషి, ఎండిన తోళ్లు ముందు పెట్టుకుని వాటికి ప్రాణం పోసింది. మేము సిక్కింలో చూసిన తేనెపిట్టకు ఆమె పేరు పెట్టింది అప్పుడే, 1831లో. పెట్టినవాడు ఆ పుస్తకానికి వివరణ రాసిన విగర్స్.

ఆ పలకల మీద గీసింది ఇ. గూల్డ్ అని ఉంటుంది. తరువాతి పుస్తకాల్లో జె. అండ్ ఇ. గూల్డ్ అని భర్త అక్షరం ముందుకు వచ్చింది. అట్ట మీద పేరు ఎప్పుడూ ఆయనదే. ఆయన మోటుగా ఒక చిత్తు గీసి ఇచ్చేవాడు, పక్షి ఎలా కూర్చోవాలో చెప్పేవాడు, వ్యాపారం నడిపేవాడు. అదేమీ చిన్న పని కాదు. అయినా అట్ట తిప్పి చూసిన ప్రతిసారీ మాకు కొంచెం కోపం వస్తుంది.

ఐరోపా పక్షులు, టూకన్‌లు, ట్రోగన్‌లు అంటూ పుస్తకాలు వరసగా వచ్చాయి. కాన్పులూ వరసగా వచ్చాయి. 1837లో బీగిల్ ఓడ మీద ప్రపంచం చుట్టి వచ్చిన డార్విన్ తన పక్షులను సొసైటీకి ఇచ్చాడు. గాలాపగోస్ దీవుల్లో దొరికిన చిన్న పక్షులు వేర్వేరు జాతులైనా ఒకే గుంపుకు చెందినవని గుర్తుపట్టింది గూల్డ్. ఆ యాత్ర పుస్తకంలో పక్షుల పలకలు 50. వాటిని రాతి మీద గీసింది ఎలిజబెత్. పరిణామ పాఠంలో మీరు చూసే ఆ ముక్కుల బొమ్మల వెనక ఆమె చెయ్యి ఉంది.

1838 మేలో దంపతులు ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కారు. పెద్దకొడుకును వెంట తీసుకెళ్లారు. చిన్నవాళ్లు ముగ్గురినీ ఎలిజబెత్ తల్లి దగ్గర వదిలారు. విశాఖ నుంచి మూడు రోజుల ప్రయాణానికే ఓడలో మనం కుదేలైపోతాం, వాళ్లకు నాలుగు నెలలు పట్టింది. దిగిన ఊరు టాస్మేనియాలోని హోబర్ట్. అప్పట్లో అదీ మన అండమాన్ లాగే ఖైదీలను పంపే దీవి. భర్త అడవులు పట్టి తిరుగుతుంటే ఆమె గవర్నర్ బంగళాలో ఉండి గీసింది. మొదటిసారిగా బతికున్న పక్షులు, తాజాగా చనిపోయిన పక్షులు, అవి వాలే చెట్ల కొమ్మలు ఆమె కళ్ల ముందున్నాయి. లండన్ గదిలో పాషాణం వాసన మధ్య గీసిన తొలి బొమ్మలనూ వీటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. తొలివాటిలో పక్షి ఒక్కోసారి మ్యూజియం కొమ్మ మీద నిలబడ్డట్టే ఉంటుంది. వీటిలో ఆకు, పువ్వు, పక్షి కలిసి ఉంటాయి. ఆ బంగళాలోనే 1839లో ఇంకో కొడుకు పుట్టాడు.

1840 ఆగస్టులో ఇల్లు చేరారు. వదిలివెళ్లిన పిల్లలతో ఆమె గడిపింది ఒక్క ఏడాది. 1841 ఆగస్టు 15న, ఎనిమిదో కాన్పు తరువాత వచ్చిన బాలింత జ్వరంతో చనిపోయింది. వయసు 37. పన్నెండేళ్లలో 600కు పైగా పలకలు గీసింది. ఆస్ట్రేలియా పక్షుల పుస్తకానికి 84 పూర్తిచేసింది. మిగిలినవి రిక్టర్ అనే చిత్రకారుడు, కొన్ని ఆమె వదిలిన చిత్తు బొమ్మలు చూసే, తయారుచేశాడు.

మన ఊరికీ ఇలాంటి జంట ఒకటి వచ్చింది. 1862 నుంచి 1864 వరకు ఇక్కడ సూపరింటెండెంట్‌గా ఉన్న రాబర్ట్ టైట్లర్ పక్షులను సేకరించేవాడు. మన అడవిలో తిరిగే అండమాన్ ట్రీపైకి 1863లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. భార్య హ్యారియెట్ చిత్రకారిణి, ఫొటోలు కూడా తీసేది. హార్బర్ అవతలి కొండకు ఆమె పేరే ఉండేది. 2021లో ఆ కొండ మౌంట్ మణిపూర్ అయింది. 1891 యుద్ధం తరువాత ఇక్కడికి పంపిన మణిపూర్ వీరుల జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు.

గూల్డ్ 1844లో ఉత్తర ఆస్ట్రేలియాకు చెందిన ఒక చిన్న పక్షికి భార్య పేరు పెట్టాడు. ఆకుపచ్చ వీపు, ఊదా రొమ్ము, పసుపు పొట్ట. రంగులంటే ఇష్టమున్న ఎవరైనా గీయాలనుకునే పక్షి. గీయడానికి ఆమె లేదు.

ఈ పేజీ పక్కన ఉన్న తేనెపిట్ట బొమ్మ మొదట చెప్పిన అమ్మాయి వేసింది. ఈసారి డ్రాయింగ్ కాగితం మీదే వేసింది. కింద తన పేరు తనే రాసుకుంది.