దవడపంటిని నమ్ముకున్న వైద్యుడు – ఎడ్వర్డ్ యాంగిల్

పళ్ళ వరుస సరిచేయించుకునే పిల్లల నోట మనకు ముందుగా కనిపించేది ముందుపళ్ళ మీది తీగ. ఆ తీగకు అసలైన ఆధారం మాత్రం కంటికి కానరాదు. బుగ్గల చాటున ఉన్న పెద్ద దవడపళ్ళకు చిన్న లోహపు గొట్టాలు అమర్చి ఉంటాయి. తీగ రెండు కొసలూ వాటిలో దూరి ఉంటాయి. వెనుక పట్టు సడలితే ముందు జరిగే పని గతి తప్పుతుంది. దవడపంటికి ఇంతటి ప్రాధాన్యాన్ని కల్పించి, పంటివరుస చికిత్సను దంతవైద్యంలో ప్రత్యేక శాఖగా నిలబెట్టిన వ్యక్తి అమెరికా దేశస్థుడైన ఎడ్వర్డ్ హార్ట్‌లీ యాంగిల్.

యాంగిల్ 1855 జూన్ 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెరిక్ అనే పల్లెప్రాంతంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. చదువు కంటే పనిముట్ల మీదనే ఆయనకు మక్కువ మెండు. 1878లో దంతవైద్య పట్టా పుచ్చుకొని సొంత జిల్లాలోనే వృత్తి ఆరంభించారు. ఊపిరితిత్తుల జబ్బు ఆయనను అక్కడ నిలువనీయలేదు. గాలి మార్పు కోసం పడమటికి తరలి, మాంటానాలో గొర్రెల పెంపకానికి దిగారు. మంచుతుఫాను మందను పొట్టన పెట్టుకున్నది. ఆ నష్టంతో తిరిగి దంతవైద్యానికే వచ్చి మినియాపోలిస్‌లో స్థిరపడ్డారు. గొర్రెలు దక్కి ఉంటే ఈ చరిత్ర మరొక విధంగా నడిచేదేమో!

ఆ రోజులలో వంకరపళ్ళను సరిచేయడానికి ఒక పద్ధతి అంటూ లేదు. ఏ వైద్యుడికి తోచిన పరికరాన్ని ఆ వైద్యుడు ఒక్కొక్క రోగికి ప్రత్యేకంగా తయారుచేసుకునేవాడు. అందరికీ పనికివచ్చే కొద్దిపాటి భాగాలను ముందే సిద్ధం చేసి ఉంచుకోవచ్చునని యాంగిల్ తలచారు. 1887లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో తన విధానాన్ని వెల్లడించారు. మినెసోటా విశ్వవిద్యాలయంలో కొంతకాలం బోధించారు. అయితే ఇతర దంతవైద్య పాఠాల నడుమ ఈ విద్య నలిగిపోతున్నదని భావించి, 1900లో సెయింట్ లూయిస్ నగరంలో దీనికోసమే సొంతంగా ఒక పాఠశాల తెరిచారు. అమెరికా పంటివరుస వైద్యుల సంఘానికి ప్రథమాధ్యక్షుడూ ఆయనే.

ఆయన పేరును చిరస్థాయిగా నిలిపినది 1899లో ప్రకటించిన వర్గీకరణ. పాలపళ్ళు ఇంకా ఊడకముందే, సుమారు ఆరేళ్ళ వయసులో, వాటి వెనుక మొలిచే మొదటి శాశ్వత చర్వణకాన్ని ఆయన కొలబద్దగా తీసుకున్నారు. పై చర్వణకపు ముందరి బయటి మొన కింది చర్వణకపు బయటి గాడిలో కుదురుకోవాలి. అది కుదిరి, తక్కిన పళ్ళు వంకరగా ఉంటే ఒకటవ తరగతి. కింది పన్ను వెనుకకు ఉంటే రెండవది, ముందుకు వస్తే మూడవది. అంతవరకు చిందరవందరగా తోచిన నోళ్ళన్నీ మూడు వరుసలలోకి వచ్చాయి. పైపన్ను స్థానం ఎన్నటికీ తప్పదన్న ఆయన నమ్మకాన్ని తరువాతి వారు అంగీకరించలేదు. అయినా నేటికీ దంతవైద్య విద్యార్థి మొదట నేర్చేది ఈ మూడు తరగతులనే.

చికిత్సలోనూ ఆ పన్నే ఆయనకు గుంజ. జర్మన్ సిల్వర్ రేకుతో చేసిన పట్టీని దవడపంటి చుట్టూ చుట్టి, మరతో బిగించి, బుగ్గవైపున చిన్న గొట్టాన్ని అతికేవారు. విల్లులా వంచిన తీగను అందులో దూర్చి, వంకరపళ్ళను సన్నని తీగలతో దానికి కట్టేవారు. వినడానికి తేలికే గాని, పళ్ళ మధ్య సందులేని చోట పట్టీ దూర్చడం రోగికి బాధాకరం. లోపలి సిమెంటు కరిగి జారితే, పట్టీ మాటున పన్ను పుచ్చిపోయే ప్రమాదమూ ఉండేది. పైగా ఈ విల్లు పళ్ళను వాల్చగలదే గాని వేళ్ళతో సహా జరపలేదు. ఆ లోపమే యాంగిల్‌ను జీవితాంతం వెంటాడింది. ఒకదాని వెంట ఒకటిగా మూడు కొత్త పరికరాలు చేసి, చివరకు 1925లో పలకల తీగను అంచువాటంగా పట్టే బ్రాకెట్‌ను తెచ్చారు. దాని గాడి కొలత అంగుళంలో వెయ్యో వంతులుగా 22, 28. అప్పటికి ఆయన వయసు డెబ్బై.

ఆయన స్వభావం కఠినం. పన్ను పీకి చోటు చేయడాన్ని అపరాధంగా ఎంచేవారు. ఉన్న పళ్ళన్నీ వరుసలో కుదిరితే ముఖసౌందర్యమూ దానంతటదే సిద్ధిస్తుందని ఆయన విశ్వాసం. కొందరికి పీకక తప్పదన్న కాల్విన్ కేస్ 1911లో ఆ మాట సభలో చెప్పినప్పుడు, యాంగిల్ శిష్యవర్గం తీవ్రంగా ఎదిరించింది. అన్నిటికీ ఒకే సూత్రం పట్టుకోవడం ఆయన చేసిన పెద్ద పొరపాటు. అందుకు మూల్యం చెల్లించినది రోగులే. ఇరుకు దవడలో పళ్ళన్నీ సర్దబోతే అవి ముందుకు పొడుచుకొని వచ్చేవి, లేదా చికిత్స ముగిశాక మళ్ళీ వంకర తిరిగేవి.

1908లో పెళ్ళాడిన అన్నా హాప్కిన్స్ కూడా దంతవైద్య పట్టభద్రురాలే. పాసడీనాలోని ఆఖరి పాఠశాల వరకు ఆయన పనిలో ఆమె పాలుపంచుకున్నారు. 1930 ఆగస్టు 11న కాలిఫోర్నియాలోని శాంటామోనికాలో యాంగిల్ కన్నుమూశారు. ఆయన పేరిట వెలసిన పత్రిక నేటికీ వెలువడుతున్నది.

గురువును సరిదిద్దినది శిష్యులే. పాసడీనాలో చదివిన ఆస్ట్రేలియా వైద్యుడు రేమండ్ బెగ్ 1928 నుంచే అవసరమైన చోట పళ్ళు తీయసాగారు. యాంగిల్‌కు ప్రీతిపాత్రుడైన చార్లెస్ ట్వీడ్ కొన్నేళ్ళు గురువు చెప్పినట్టే చేసి, ఫలితాలు చూసి కలతపడ్డారు. అదే రోగులను తిరిగి పిలిపించి, నాలుగేసి అగ్రచర్వణకాలు తీసి మళ్ళీ చికిత్స చేశారు. ఆయన వాడినది మాత్రం గురువిచ్చిన అంచువాటపు బ్రాకెట్‌నే.

పంటి చుట్టూ పట్టీ అవసరాన్ని తొలగించే మార్గం యాంగిల్ పోయిన పాతికేళ్ళకు దొరికింది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పింగాణీ పొరను గరుకుచేస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో మైఖేల్ బ్యూనకోర్ చూపారు. ముందుపళ్ళ పట్టీలు క్రమంగా మాయమయ్యాయి. దవడపళ్ళ దగ్గర మాత్రం మార్పు ఆలస్యమైంది. అక్కడ లాలాజలం ఊరుతుంది, పంటిని పొడిగా ఉంచడం కష్టం, నమిలే బలమూ ఎక్కువే. అందుకే గొట్టాన్ని నేరుగా అతికించే వైద్యులతోపాటు, పెనుభారం పడేచోట పాత పట్టీనే ఎంచుకునేవారు నేటికీ ఉన్నారు. అతికినా, పట్టీ వేసినా, ఆ గొట్టానికి నేడు వాడుకలో ఉన్న రెండు ప్రధాన కొలతలలో ఒకటి యాంగిల్ నిర్ణయించిన 22, 28.